ప్రొద్దునకొక పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఉత్సవము చేయుట యుక్తమే. కాని ఆ ఇరువదియైదేండ్లు ఒక్కమారుగా వచ్చి పడినవి కావు. ఒకనాడు తలుపు తీసిరి, దీపము పెట్టిరి, వచ్చినవారికి పుస్తకమిచ్చి పేరు వ్రాసికొనిరి. మరునాడును అట్లే చేసిరి. వాన కురిసిననాడును, ఊరిలో పండుగనాడును, చదువరి యొక్కడైన రాని నాడును అట్లే చేసిరి. ఇరువదియైదేండ్లను దినములుగా లెక్కించినచో ఇంచుమించు 9,130 అగును. రజతోత్సవమనగా ఆ తొమ్మిదివేల చిల్లర పద్దుల మొత్తము. మొత్తమును చూచి మురియుట అందరికిని ఇష్టమే. పద్దు వ్రాయువారు మాత్రము కొందరే.

కావున ఈ సభకు తగిన విషయము దినము. మనుజుడు తన దినమును ముందుగా తలపోసికొని, ఏ పని ఎప్పుడు చేయవలెనో నిర్ణయించుకొని, ఆ నిర్ణయము చేయుటనే ఒక అలవాటుగా ఎట్లు నిలుపుకొనగలడు అనునది ఇచటి ప్రశ్న. చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని ఊళ్లలో అప్పులు పెరుగుటకును, పంట నమోదు గడువులు దాటిపోవుటకును, పరీక్షలకు కూర్చున్న పిల్లలు కడపటి వారమున కన్నీరు పెట్టుటకును మూలము వెదకినచో, పెక్కు తావుల ఈ చిన్న ప్రశ్నయే కనబడును. పని చేయుటకు బద్ధకించినవారు కొందరే. రేపు చేయుదమనుకొన్న పని ఎల్లుండికి జరుగగా, ఎల్లుండి దానిని మరచినవారే హెచ్చు.

మన పల్లెలలో ముందుచూపు లేదనుట సత్యము కాదు. సంవత్సరమునకు మనకు పంచాంగము కలదు. వ్యవసాయమునకు ఇరువదియేడు కార్తెలు కలవు. ఒక్కొక్క కార్తె పదుమూడు పదునాలుగు దినములు. మృగశిర ప్రవేశింపగనే రైతు ఆకాశమువంక చూచును; ఆరుద్రలో ఏమి చేయవలెనో, పునర్వసులో ఏమి చేయవలెనో తాతలనాటినుండి వచ్చిన లెక్క వానికి కంఠస్థము. సర్కారు లెక్కలకు జూలై 1వ తేదీతో మొదలగు ఫసలీ సంవత్సరము కలదు. పూర్వము కరణములు అజమాయిషీకి పొలముల వెంట తిరిగి, సర్వే నంబరు వెంబడి సర్వే నంబరుగా ఏ చేనిలో ఏ పంట యున్నదో అడంగలులో ఎక్కించెడివారు. ఆ కరణీకము 1984లో రద్దయినది. చేనివెంబడి పంట నమోదు చేయు పద్ధతి మాత్రము రూపము మార్చుకొని నేటికిని నిలిచియున్నది. ఇట్లు ఏటికి లెక్క కలదు, కార్తెకు లెక్క కలదు, చేనికి లెక్క కలదు. లేనిదెల్ల దినమునకు. ఏటిని పంచాంగమునకును, దినమును దైవమునకును విడిచిపెట్టి కూర్చుండుట మన అలవాటు.

మన పెద్దలు మాత్రము దినమును ఇట్లు విడిచిపెట్టలేదు. వ్యాసభారతమున సభాపర్వమందు నారదమహర్షి మయసభకు వచ్చి ధర్మరాజును కుశలప్రశ్నలు వేయును. అవి పేరునకు కుశలప్రశ్నలేగాని నిజమునకు గొప్ప తనిఖీ. రాత్రి కడపటి భాగమున మేల్కొని చేయదగిన దానిని చింతించుచున్నావా? ధర్మమునకును, అర్థమునకును, కామమునకును కాలమును పంచి అనుభవించుచున్నావా? గణకులును లేఖకులును ప్రతిదినము పూర్వాహ్ణమందే ఆదాయవ్యయముల లెక్క నీకు సిద్ధపరచుచున్నారా? రాజసూయము చేయబూనిన చక్రవర్తిని ఒక మహర్షి అడిగిన ప్రశ్నలివి. లెక్క సాయంకాలమునకు వాయిదా పడరాదనియు, ప్రొద్దుటిపూటనే తెమలవలెననియు నారదుని భావము. లెక్కలు వ్రాయువారికి మహాభారతములో ఇంతకు మించిన గౌరవము అక్కరలేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రము ఇంకను నిక్కచ్చిగా నుండును. మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున శామశాస్త్రిగారికి దొరకి, 1909లో అచ్చుపడిన ఈ గ్రంథమున రాజు పగటిని ఎనిమిది భాగములుగను, రాత్రిని ఎనిమిది భాగములుగను చేసికొనవలెనని చెప్పబడినది. ఒక్కొక్క భాగము గంటన్నర. పగటి మొదటి భాగమున రక్షణవిధానమును, ఆయవ్యయములను వినవలెను. రెండవ భాగమున పౌరజానపదుల వ్యవహారములు చూడవలెను. మూడవ భాగమున స్నానభోజనములు, స్వాధ్యాయము. ఇట్లు వరుసగా నడచి, రాత్రి మూడవ భాగమున శయనించి, నాల్గవ ఐదవ భాగములు నిద్రించి, ఆరవ భాగమున వాద్యధ్వనితో మేల్కొని, శాస్త్రమును, ఆ దినమున చేయవలసిన పనులను చింతింపవలెను. లెక్క చూచినచో పాపము ఆ రాజునకు దక్కిన నిద్ర నాలుగున్నర గంటలు! ఇది చదివి భయపడనక్కరలేదు. ఇంత కట్టుదిట్టము చేసిన కౌటిల్యుడే అచటనే ఇంకొక మాట చెప్పినాడు: రాజు తన శక్తిననుసరించి ఈ విభాగమును మార్చుకొనవచ్చునని. అనగా శాస్త్రకారుడు కోరినది ఆ గంటల అంకెలు కావు. దినమునకు ఒక విభాగముండుటయు, తెల్లవారకముందే దానిని ఒకమారు మనస్సులో నడిపి చూచుటయు ఆయన కోరినవి.

రాజుల మాట అటుంచి, మనవంటి గృహస్థునొకని చూతము. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో దుబాసి. ఆయన 1830 మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరెను. పదునైదు నెలలకు పైబడిన యాత్ర. రైలు లేదు, తంతి లేదు. పల్లకీ, బోయీలు, కావళ్లు, గుడారములు. హైదరాబాదు, నాగపురము మీదుగా ప్రయాగ, కాశి, గయలు సేవించి, కలకత్తా, జగన్నాథముల మీదుగా మన శ్రీకాకుళము, విజయనగరముల దారినే ఆయన దక్షిణమునకు దిగెను. దారిపొడవునను తాను చూచినదెల్ల వ్రాసి కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపుచుండెను. ఆ వ్రాతలే 1838లో కాశీయాత్ర చరిత్రయై వెలువడినవి.

ఆ పుస్తకమును మన గ్రంథాలయములో తీసికొని చదువువారు ఒక సంగతి గమనింపవలెను. ఆయన ప్రతి మజిలీకిని అచటి వసతులు వ్రాసికొనెను. ఊరు ఎంత దూరము, దారి ఎట్టిది, నీటివసతి కలదా, అంగళ్లు కలవా, సామానులు దొరకునా, దిగుటకు చోటు కలదా అని. ఎడతెగని వానలలో ఆగవలసివచ్చినచోట ఆగెను; నదులు దాటుట కష్టమైనచోట వేచెను. కాశి ఎంత దూరమున నున్నదో అని ఆయన ప్రతిదినము నిట్టూర్చియుండినచో నూరుమందియు కడపకు చేరకముందే చెదరిపోయియుందురు. ఆయన కాశిని మనస్సులో నిలుపుకొనెను. ఏర్పాటు మాత్రము రేపటి మజిలీకి చేసెను. దినప్రణాళిక యనగా ఇంతే. కోరిక కాశియంత దూరమున నుండవచ్చును. చీటీమీద వ్రాయవలసినది రేపటి మజిలీ.

ఇక మన జిల్లాల మహనీయులనే తలచుకొందము. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. చెప్పువారెవ్వరును లేకున్నను స్వయముగా శాసనలిపిని అభ్యసించి ముఖలింగ దేవాలయములయందలి శాసనములను చదివిరి. చుట్టుపట్ల కొండలలోని సవరలు మాటాడు భాషకు అప్పటికి పుస్తకము లేదు, వ్యాకరణము లేదు. తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంటనుంచుకొని, బడిపని ముగిసిన పిమ్మట వానివద్ద పంతులుగారు శిష్యులై, ఒక్కొక్క మాట వ్రాసికొనిరి. మన్యమున తిరుగుటచే చలిజ్వరము పట్టుకొనగా దానికై సేవించిన క్వినైనువలన వినికిడి తగ్గినది. పని మాత్రము తగ్గలేదు. సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వము వారిచే ప్రచురింపబడినవి. పంతులుగారు 1940 జనవరి 22న స్వర్గస్థులైరి. ముప్పదవ ఏట నాటికే చేపట్టిన పనికి డెబ్బదియైదవ ఏట నిఘంటువు చేతికి వచ్చినది.

నలువది సంవత్సరములకు మించిన ఈ పనిలో ఒక్క మహాసాహసమైన దినమును వెదకినను దొరకదు. అన్నియు మామూలు దినములే. ఈ దినము కొన్ని మాటలు, రేపు కొన్ని మాటలు. పంతులుగారి వ్యావహారిక భాషావాదమును అంగీకరింపని గ్రాంథికాభిమానులు మన సభలో ఇప్పటికిని ఉండవచ్చును; ఈ ప్రసంగపు భాషయే వారిలో ఒకనిదిగా తోచవచ్చును. కాని పంతులుగారి నిత్యకృషిని అంగీకరింపక తప్పదు. భాషలో వారితో భేదించినవారు సైతము అలవాటులో వారిని అనుసరింపవచ్చును.

పంతులుగారికి విజయనగరమున చదువుకొన్న దినములనుండియు స్నేహితులైన గురజాడ వేంకట అప్పారావుగారు (1862-1915) దినచర్యలు వ్రాసికొనెడివారు. అవి ఇంగ్లీషులో నుండెను. వారి అనంతరము తెనుగున ప్రకటింపబడినవి. వారికి దేహారోగ్యము అంతంతమాత్రము, సంస్థానపు ఉద్యోగబాధ్యతలు హెచ్చు. అట్టి స్థితిలో 1897లో అచ్చయిన కన్యాశుల్కమును చాలునని విడువక, దానిని తిరుగవ్రాసి పెంచి 1909లో రెండవమారు ప్రకటించిరి. నేడు ఆంధ్రులు ఆడుకొనునదియు పాడుకొనునదియు ఆ రెండవ కన్యాశుల్కమే. ఆరోగ్యము చాలనివాడు సమయమునకు లెక్క వ్రాసికొనుట విలాసము కాదు, అవసరము.

పేరుపొందినవారే ఏల? పొందూరు నూలు వడకు స్త్రీలను చూడుడు. కొండపత్తిని వాలుగచేప దవడతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చేసికొని, సన్నని నూలు వడకుదురు. ఆ పనిలో ఒక మెట్టు దాటి ఇంకొక మెట్టునకు పోవుటకు వీలులేదు. నేడు దువ్వనిది రేపు వడకుటకు ఉండదు. రేపు వడకనిది మగ్గమునకు అందదు. పంచె నేయవలెనను తలంపు ఎవ్వరికైనను కలుగును. నేటి దువ్వుడు నేడు ముగించినవారికే పంచె కలదు.

ఇంతవరకు వినినవారికి ఒక సందేహము కలుగును. ఇవన్నియు ఎరిగియు జనులు ఏల విఫలులగుచున్నారు? చీటీలు వ్రాయనివారెవ్వరు? ఉగాదికి నిర్ణయము చేసికొననివారెవ్వరు? మన భాషలో ఆరంభశూరుడను మాట ఊరక పుట్టలేదు.

దీనికి రెండు కారణములు కనబడుచున్నవి. మొదటిది అంచనా దోషము. మనుజుడు తన పనికి పట్టు కాలమును ఎప్పుడును తక్కువగానే అంచనా వేయును. 1994లో కెనడా దేశమున బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అను మనశ్శాస్త్రవేత్తలు తమ సిద్ధాంతవ్యాసములు వ్రాయుచున్న విద్యార్థులను ఎన్నాళ్లలో ముగింతురని అడిగిరి. సగటున 34 దినములని చెప్పిరి. నిజమునకు పట్టినవి 55 దినములు. అన్నియు ఎదురుతిరిగినచో ఎన్నాళ్లగునని అడుగగా సగటున చెప్పినది ఇంచుమించు 49 దినములు; దానినిగూడ దాటిపోయిరి. చదువుకొన్నవారి లెక్కయే ఇట్లుండినచో తక్కినవారి మాట చెప్పనేల? కావున ఒక దినమునకు పదునాలుగు పనులు వ్రాసికొన్నవాడు సాయంకాలమునకు ఐదు చేసి, తొమ్మిదింటికి సిగ్గుపడి, మరునాడు చీటీ వ్రాయుటయే మానివేయును. బద్ధకము వానిని చెడగొట్టలేదు. అంచనా చెడగొట్టినది.

రెండవ కారణము, ప్రణాళిక వ్రాయుటకు ఒక వేళయు, ఒక చోటును లేకపోవుట. తీరికయైనప్పుడు వ్రాయుదమనుకొన్నవానికి తీరిక కలుగదు. 2010లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఇచట పనికివచ్చును. లండనులో 96 మంది, దినమున ఒక నియతమైన సందర్భమునకు, ఉదయపు ఫలహారమువంటి దానికి, ఒక క్రొత్త పనిని ముడివేసికొని చేయసాగిరి. ఆ పని తలపకయే జరుగు అలవాటగుటకు ఒకరికి 18 దినములు చాలెను. ఇంకొకరికి 254 దినములు పట్టునని లెక్క తేలెను. నడిమి లెక్క 66 దినములు. ఆ పరిశోధనలో ఇంకొక ఊరట కలదు. నడుమ ఒకనాడు తప్పినంతమాత్రమున అలవాటునకు చెప్పుకొనదగిన నష్టము కలుగలేదు. మన పెద్దలు మండలదీక్ష నలువది దినములని పెట్టిరి. దీక్ష ముగిసినపిమ్మటను కొంతకాలము ఓపిక పట్టవలెనని ఈ లెక్క చెప్పుచున్నది.

జర్మనీ దేశపు గోల్విట్జర్ అను విద్వాంసుడు 1999లో ఇంకొక కిటుకు విశదపరచెను. చదివెదను అనుకొనుట వేరు. రాత్రి భోజనమై విస్తరి తీయగనే ఈ బల్లయొద్ద కూర్చుండి చదివెదను అనుకొనుట వేరు. ఎప్పుడు, ఎక్కడ, దేని తరువాత అని ముందుగా కట్టుకొన్న నిర్ణయము నెరవేరుట కవకాశము హెచ్చు. మన ఇండ్లలో సంధ్యాదీపము ఏల తప్పదు? దానికి వేళ కలదు, చోటు కలదు, ముందు చేయు పని కలదు. ఆ దీపమునకే ప్రణాళికను ముడివేసినచో అదియు తప్పదు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మను సామెతకు ఇట్లొక క్రొత్త అర్థము చెప్పుకొనవచ్చును.

ఇక పద్ధతి. ఇది లెక్కలవారి పద్ధతి. చిట్టా ఎరిగినవారికి వేరుగా నేర్పనక్కరలేదు.

ఒక చిన్న నోటుపుస్తకము చాలును. విడికాగితములు పనికిరావు, అవి పొట్లములగును. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట మరునాటి తేదీ వేసి, దాని క్రింద మూడు పనులు మాత్రము వ్రాయవలెను. పశువులకు గడ్డి, ఇంటికి నీరు మొదలగు నిత్యకృత్యములు వ్రాయనక్కరలేదు. అవి వ్రాయకున్నను జరుగును. వ్రాయకున్న జరుగనివే వ్రాయవలెను. ఒక్కొక్క పనికెదురుగా వేళ వేయవలెను. గంట పట్టునని తోచినదానికి గంటన్నర వేయవలెను. అంచనా దోషమునకు అదియే మందు. పని ఎంతటిదనగా, అయినదా కాలేదా అని అడిగినచో ఒక్కమాటలో చెప్పగలిగినంతటిది కావలెను. పొలము బాగుచేయుట యనునది పని కాదు, కోరిక. తూర్పుగట్టు గండి పూడ్చుట పని. పిల్లవాని చదువు చూచుట కోరిక. వాని గణితములో ఐదు లెక్కలు చేయించుట పని.

మరునాటి సాయంకాలము క్రొత్త పుట వ్రాయకముందు పాతపుటను చూడవలెను. అయినదానికి గీటు. కానిదానిని తొలినిల్వగా క్రొత్తపుటకు తేవలెను. ఒకే పని మూడుమారులు తొలినిల్వగా వచ్చినచో దానిని నాలుగవమారు ఊరక వ్రాయరాదు. అది పెద్దదై యుండవచ్చును; అప్పుడు ముక్కలు చేయవలెను. అక్కరలేనిదై యుండవచ్చును, అప్పుడు కొట్టివేయవలెను. లేదా చేయుటకు భయమగుచుండవచ్చును. అప్పిచ్చినవానిని కలియుట, వైద్యునికి చూపించుకొనుట ఇట్టివి. అప్పుడు దానిని మరునాటి మొదటి పనిగా వేయవలెను. వారమునకొకసారి ఆదివారమునాడు ఏడు పుటలను కలిపి చూచినచో మనుజుని నిజమైన శక్తి తేలును. ఇరువదియొక పనులు వ్రాసి పదునొకండు చేసినవాడు సిగ్గుపడనక్కరలేదు. వాని శక్తి దినమునకు ఒకటిన్నర అని తెలిసినది. రాబోవు వారము రెండే వ్రాసికొనవలెను.

అమెరికా దేశమున బెంజమిన్ ఫ్రాంక్లిన్ అను ముద్రాపకుడు ఇట్టి పుస్తకమునే ఉంచుకొనెను. పదుమూడు సద్గుణములను ఏర్పరచుకొని, వారమునకొక గుణముచొప్పున పట్టి, తప్పిననాడు చుక్క పెట్టుకొనెడివాడు. పదుమూడు వారములకొక ఆవృత్తి, ఏటికి నాలుగావృత్తులు. ఉదయము లేవగనే నేడేమి మేలు చేయుదునని, రాత్రి పరుండబోవుచు ఏమి మేలు చేసితినని ప్రశ్నించుకొనెడివాడు. ఇంతటివానికి ఆ పదుమూడింటిలో తన్ను ఎక్కువగా బాధించిన గుణము క్రమమే యని ఆత్మకథలో వ్రాసికొనెను. మహాత్మాగాంధి ఆశ్రమమున తెల్లవారుజాము ప్రార్థన మొదలు రాత్రివరకు ప్రతి గంటకును పని యుండెను. ఆశ్రమవాసులు దినచర్య వ్రాయవలెనని ఆయన పట్టుబట్టెడివారు. కాని ఆ దినచర్యలో దాపరికము లేకుండ తప్పును తప్పుగా వ్రాయుమనిరి. దొంగలెక్క వ్రాసినవాడు ఎవరిని మోసగించును? ఈ చిట్టాకు తనిఖీదారును తానే కదా!

ఇచట రెండు ఆక్షేపణలకు సమాధానము చెప్పక ప్రసంగము ముగించుట న్యాయము కాదు.

మొదటి ఆక్షేపణ: దినము తన చేతిలో నున్నవానికి ఈ ముచ్చటలు. కూలికి పోవువాని దినము మేస్త్రీ చేతిలో నున్నది. ఇంటి ఇల్లాలి దినము అందరి చేతులలోను ఉన్నది. ఆమె పంచుకొనుటకు ఏమి మిగిలినది? ఇది గట్టి ఆక్షేపణయే. ఇంటి యజమాని తన నోటుపుస్తకములో మూడు పనులు వ్రాసికొని, వానిలో రెండింటిని భార్యచే చేయించినచో అది ప్రణాళిక కాదు, పరుల సొమ్మును తన పద్దున జమ కట్టుకొనుట. కావున ఇంటి పుస్తకము ఒక్కటే కావలెను. అందులో ఆమెకును ఒక పంక్తి యుండవలెను. ఆ పంక్తిలో ఆమె తన కొరకు కోరుకొన్న పని, అది గ్రంథాలయపు పుస్తకములో పది పుటలైనను సరియే, వ్రాయబడవలెను. ఆ అరగంట ఆమెకు దక్కునట్లు ఇంటిలోనివారు నీరు తోడవలెను, పిల్లవాని నెత్తుకొనవలెను. కూలివానికైనను దినమున ఒక అరగంట వానిదే. అరగంట చిన్నదని తలపరాదు. ఏడాదికి 182 గంటలగును. ఇతరుల చేతిలో నున్న పదునాలుగు గంటలకు లెక్క అవసరము లేదు. తన చేతనున్న అరగంటకే లెక్క కావలెను. ధనవంతుని కంటె పేదవాడు పైసకు లెక్క వ్రాయుట ఎట్లు ఎక్కువ అవసరమో ఇదియు నట్లే.

రెండవ ఆక్షేపణ: మనుజుడొకటి తలచిన దైవమొకటి తలచును గదా! ఈ సముద్రతీరమున నివసించువారికి ఈ మాట ఉత్తమాట కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున తీరము దాటినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటి ఉద్దానపు కొబ్బరిని, జీడితోటలను ఒక్క పూటలో నేలగూల్చినది. దేశవాళి కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. తాతలు నాటిన చెట్లు పడిపోయిన తోటలో నిలుచున్న రైతుతో దినప్రణాళిక మాటాడుటకు ఎవరికి నోరు వచ్చును?

అయినను ఆ దినమునకే అది హెచ్చుగా కావలెను. తోటయంతయు ఒక్కమారుగా చూచినవాడు కూలబడును. నేడు దారికడ్డముగా పడిన చెట్టు. రేపు నూతిలోని చెత్త. ఎల్లుండి నష్టపు లెక్కకు అర్జీ, పాసుపుస్తకపు నకలు. పిమ్మట మొక్కలకు గోతులు అని చూచినవాడు నడచును. ప్రణాళిక తుపానును ఆపుటకు కాదు. తుపాను వెలిసిన పిమ్మట ఎక్కడ చేయి పెట్టవలెనో తెలియుటకు. వీరాస్వామయ్యగారును వానలకు ఆగిరి. వాన వెలియగనే మజిలీ సాగించిరి. ఒకనాడు తప్పినందున పుస్తకమును మూలనుంచువాడు లెక్క తెలియనివాడు. చిట్టాలో ఒక పుట ఖాళీగా పోయినచో తరువాతి పుటను చింపరు. తేదీ వేసి మొదలిడుదురు.

ఈ నిత్యకృషికి మన శ్రీకాకుళమున కన్నులయెదుట నున్న నిదర్శనమొకటి కలదు. కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖపట్టణమున ముప్పదియేండ్లకు పైగా గణితోపాధ్యాయులై, విశ్రాంతి పిమ్మట 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించిరి. యజ్ఞము మొదలైన కథలకు 1995లో వచ్చిన కేంద్రసాహిత్య అకాడమి బహుమాన ద్రవ్యమును దానికే వినియోగించిరి. తెలుగున వెలువడిన ప్రతి కథయు ఒక్కచోట దొరకవలెనను కోరిక కాశియంతటిది. కాని పాతపత్రికల కొరకు ఈ దినము ఒకరికి ఉత్తరము, రేపు ఇంకొకరి ఇంటికి ప్రయాణము, వచ్చినదానిని పట్టికకెక్కించుట, భద్రపరచుట అను మజిలీలతో అది నడచినది. మాస్టారు తొంబదియారేండ్లు జీవించి 2021 జూన్ 4న పరమపదించిరి. నేడు తెలుగు కథపై పరిశోధన చేయువారికి ఆ ఇల్లు తప్పనిసరి మజిలీ.

కావున ఈ రజతోత్సవ సందర్భమున చదువరులకు కోరదగిన కోరిక ఒక్కటే. ఉత్సవములో చేసిన ప్రతిజ్ఞలు తోరణములతోపాటు వాడిపోవును. ఎవ్వరును ప్రతిజ్ఞ చేయనక్కరలేదు. ఇంటికి పోయి, దీపముచెంత కూర్చుండి, రేపటి తేదీ వేసి మూడు పంక్తులు వ్రాసిన చాలును. మూడవ పంక్తిలో గ్రంథాలయమునకు పోవు వేళ వ్రాసినచో ఈ సంస్థకు మేలు. పుస్తకము తెచ్చుకొనుటకు వచ్చినవారు దానిని తిరిగి ఇచ్చు గడువుతేదీనిగూడ వ్రాసికొన్నచో గ్రంథపాలకునకు మహోపకారము!

స్వర్ణోత్సవమునకు ఇంకను 9,130 దినములున్నవి. వానిలో మొదటిది రేపు.